కుక్క అడ్డొచ్చింది

రౌతు అతని అసలు పేరు కాదు. బుద్ధి తెలిసినప్పటి నుంచి గుర్రపుసాలలోనే పని. నేల మీద నడిచినదానికంటే జీను మీద కూర్చున్నదే ఎక్కువని అందరూ అలా పిలిచేవారు. అక్క మాత్రం కోపం వచ్చినప్పుడు అసలు పేరు పెట్టి పిలిచేది. ఆమెకు కోపం రావడం చాలా అరుదు. తల్లి పోయాక అతనికి స్నానాలు చేయించి, బడికి పంపి, జ్వరమొస్తే తెల్లవార్లూ పక్కన కూర్చుని పెంచింది ఆ అక్కే.

ఆమె పెళ్ళాడిన మనిషి రాళ్ళ క్వారీలో టిప్పర్ నడుపుతాడు. సరదా మనిషి అని పేరు. పెళ్ళైన కొత్తలో బావమరిది కూర్చోబోతుంటే కుర్చీ వెనక్కి లాగేశాడు. ఒకసారి పెళ్ళాం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కింద తలుపు గొళ్ళెం పెట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టాడు. తలుపు తీసి, ఎర్రగా కమిలిపోయిన ఆమె మొహం చూసి, "ఏమే, పైన గాలి బాగుందా?" అన్నాడు. చూసినవాళ్ళు కూడా నవ్వారు. అతని సరదాల్లో ఏడ్చేవంతు ఎప్పుడూ ఎదుటివాళ్ళకే వచ్చేది.

గుర్రపుసాల నుంచి నది ఒడ్డు పచ్చికకు ఒకటే దారి. క్వారీకి కూడా అదే. రెండు పక్కలా ముళ్ళకంచె, కంచె కింద మురుగుకాలువ. లారీ వస్తే సైకిలు మీద వెళ్ళేవాడు దిగి కంచెకు వీపు ఆనించాల్సిందే. గుర్రంతో ఆ పని కుదరదు. అందుకని డ్రైవర్లకూ స్వారీ చేసేవాళ్ళకూ మధ్య ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. గుర్రం కనబడగానే డ్రైవరు వేగం తగ్గిస్తాడు, హారన్ కొట్టడు, వెనకే ఓపిగ్గా వస్తాడు. పొలం గేటు దగ్గర కాస్త జాగా దొరకగానే రౌతు గుర్రాన్ని పక్కకు తీసి చెయ్యి ఊపుతాడు. బండి మెల్లగా, ఎడంగా దాటిపోతుంది.

బావ కూడా ఆ పద్ధతి పాటించేవాడు, గుర్రం మీద ఉన్నది బావమరిది కాకపోతే.

బావమరిదైతే వేరే సంగతి. ఖాళీ టిప్పర్‌తో వాలు దిగుతూ ముందు రౌతు వీపు కనిపించగానే ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో జార్చుకుంటూ వచ్చేవాడు. గుర్రం తోక దగ్గరికి వచ్చాక ఎయిర్ హారన్ నొక్కేవాడు. గుర్రం ఎగిరిపడేది. రౌతు మెడ జూలు పట్టుకుని ఎలాగో నిలదొక్కుకునేవాడు. బావ కిటికీలోంచి తల బయటపెట్టి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు. రాత్రి భోజనాల దగ్గర ఎగిరిపడ్డ గుర్రాన్నీ, జూలు పట్టుకు వేళ్ళాడిన బావమరిదినీ అభినయించి చూపించేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. అక్క తల వంచుకుని వడ్డించేది.

అలాంటి ఒక రాత్రి రౌతు మళ్ళీ అడిగాడు, ఎప్పుడూ అడిగేదే.

"బావా, నాతో ఏ ఆటలైనా ఆడు. గుర్రం మీద ఉన్నప్పుడు మాత్రం వద్దు. దానికి సరదా తెలీదు."

"నీకూ తెలీదులే. బావా బావమరుదులన్నాక ఆ మాత్రం ఉండదట్రా?"

"పడితే చస్తాను బావా."

"చస్తే చెప్పు, సెలవు పెట్టి వస్తా."

అందరూ నవ్వారు. అక్క కోసం రౌతు కూడా నవ్వాడు.

వాన వెలిసిన ఒక ఉదయం చిట్టి మీద పచ్చికకు బయల్దేరాడు. చిట్టి తేనెరంగు ఆడగుర్రం, సాలలోకెల్లా నెమ్మదస్తురాలు. పిల్లలకు స్వారీ నేర్పేది దాని మీదే. డెక్కల కింద ఆకు నలిగితే తప్ప చప్పుడు లేదు. వెనక టైర్ల జరజర వినబడింది. రౌతు తల తిప్పేలోపు హారన్ మోగింది.

చిట్టి పక్కకు దూకింది. తడిసిన గట్టు మీద వెనక కాళ్ళు నిలవలేదు. గుర్రమూ మనిషీ కలిసి కాలువలో పడ్డారు, మనిషి కింద. చిట్టి పెనుగులాడి లేచింది. దాని మోకాలు చీరుకుని ఎముక తెల్లగా కనిపిస్తోంది. కాస్త దూరం కుంటుకుంటూ వెళ్ళి, వణుకుతూ వెనక్కి తిరిగి నిలబడింది.

బావ నవ్వుతూనే దిగాడు.

"లేవరా, నాటకాలాపి."

రౌతు ఎడమ కాలు తుంటి దగ్గర తిరగకూడని వైపుకు తిరిగి ఉంది. అది చూశాక బావ నవ్వు ఆగింది. ముందు రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు కాలువలోకి దిగి, రెండు చంకల కింద చేతులు వేసి బావమరిదిని బయటికి లాగాడు. ఆ లాగడంలో రౌతుకు స్పృహ పోయింది.

ఆస్పత్రిలో బావను అందరూ మెచ్చుకున్నారు. అంత తొందరగా తీసుకురాకపోతే ప్రాణమే పోయేదని డాక్టరు అన్నాడు. బావ చొక్కా నిండా బురద, రక్తం. వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. అటు వెళ్ళే నర్సులు అతని భుజం తట్టి వెళ్ళారు.

తుంటి ఎముక మూడు ముక్కలైంది. రౌతుకు మెలకువ వచ్చేసరికి అక్క మంచం పక్కన ఉంది. అతని నుదురు తుడిచింది, నీళ్ళు తాగించింది, దిండు సర్దింది. తర్వాత వంగి చెవిలో చెప్పింది.

"పోలీసాయన బయట ఉన్నాడు. కుక్క అడ్డొచ్చిందని చెప్పరా."

అతను ఆమె వంక చూశాడు.

"ఏ కుక్క?"

"ఏదో ఒక కుక్క. కంచెలోంచి వచ్చిందని చెప్పు. మీ బావ లైసెన్సు పోతే మేం ఏమైపోవాలి? పిల్లలు ఏమైపోవాలి?"

"అక్కా, నా కాలు..."

"కాలు ఎలాగూ తిరిగిరాదు కదరా," అంది. అన్నాక పెదవి కొరుక్కుంది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

పోలీసాయన వచ్చి అడిగాడు. రౌతు కుక్క అడ్డొచ్చిందన్నాడు. మీ బావ ఎక్కడున్నాడని అడిగితే, చాలా వెనక ఉన్నాడన్నాడు.

రౌతు చంకకర్రల మీద సాలకు తిరిగివచ్చిన రోజున యజమానురాలు ఎదురొచ్చి కుర్చీ వేసింది. ఆవిడ చెడ్డది కాదు. తిన్నగా మాట్లాడే మనిషి, అంతే.

"కుక్కని చూసి అంతలా బెదిరిందంటే నాకే ఆశ్చర్యంగా ఉందయ్యా. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చిట్టి అలా చెయ్యలేదు. నిజంగా కుక్కేనా?"

అక్క అతని వెనక నిలబడి ఉంది, చేతిలో ఫ్లాస్కుతో. ఆమె ఊపిరి అతనికి వినబడుతోంది.

"కుక్కేనండీ," అన్నాడు.

"అయితే దాని మీద పిల్లల్ని ఎలా ఎక్కించను? రేపు ఎవరి బిడ్డనో పడేస్తే?"

"చిట్టి మంచిదండీ. తప్పు దానిది కాదు."

"మరి ఎవరిది?"

ఆవిడ కాసేపు ఎదురుచూసి లోపలికి వెళ్ళిపోయింది.

బెదురు గుర్రమని పేరు పడింది. పైగా మోకాలు కుంటు. కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు, తోళ్ళ వ్యాపారి తప్ప. అతని వ్యాను వచ్చినప్పుడు రౌతు సాల పక్క గదిలో మంచం మీద ఉన్నాడు. చిట్టి వ్యాను ఎక్కనని మొరాయించింది. ఇద్దరు మనుషులు పగ్గాలు లాగారు, ఒకడు వెనక నుంచి కర్రతో పొడిచాడు. కొత్తవాళ్ళు పట్టుకుంటే చిట్టి ఎప్పుడూ రౌతు కోసం సకిలించేది. అప్పుడూ సకిలించింది. తను పిలిస్తే మారు మాట్లాడకుండా ఎక్కేస్తుందని అతనికి తెలుసు. అందుకే పిలవలేదు. దుప్పటి నోట్లో కుక్కుకుని వ్యాను తలుపు పడేదాకా అలాగే ఉన్నాడు.

స్వారీ చేయలేని మనిషికి సాలలో పనేముంటుంది? ఆ గది కొత్తగా వచ్చినవాడికి కావాల్సి వచ్చింది. రౌతు అక్కగారింటి వెనక, పాత టైర్లు పడేసుకునే గదిలోకి మారాడు. ఎవరైనా ఇంటికొస్తే బావ అతన్ని ముందుగదిలోకి పిలిచి కూర్చోబెట్టేవాడు.

"వీడి భారమంతా నాదేనండీ. అంత ప్రమాదం జరిగాక వదిలేస్తామా?" అనేవాడు. వచ్చినవాళ్ళు వెళ్ళాక, చంకకర్రలు అందకుండా అవతలి గోడ దగ్గర పెట్టి, "తెచ్చుకో చూద్దాం" అనేవాడు. అదీ సరదాకే. నేల మీద పాక్కుంటూ వెళ్ళే మామయ్యను చూసి పిల్లలు మొదట నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఆ ఏడాది క్వారీకి బళ్ళు పెరిగాయి. ఇరుకు రోడ్డు మీద గుర్రాలు బెదిరిన సంఘటనలు ఇంకో రెండు మూడు జరిగాయి. ఎవరికీ పెద్దగా దెబ్బలు తగల్లేదు కానీ భయం పట్టుకుంది. క్వారీవాళ్ళూ గుర్రాలవాళ్ళూ కలిసి డ్రైవర్లకు ఒక సమావేశం పెట్టారు. మాట్లాడడానికి బావను పిలిచారు. ప్రమాదాన్ని కళ్ళారా చూసి, మనిషి ప్రాణం కాపాడిన డ్రైవరు కదా!

క్వారీ క్యాంటీన్‌లో బల్లలు పక్కకు నెట్టి కుర్చీలు వేశారు. బావ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. చాలా బాగా మాట్లాడాడు.

"గుర్రం అంటే బండి కాదు తమ్ముళ్ళూ. దానికి గుండె ఉంది, భయం ఉంది. కనపడగానే స్లో చెయ్యండి. హారన్ జోలికి పోవద్దు. యాక్సిలరేటర్ రెయిజ్ చెయ్యొద్దు. వాళ్ళు గుర్రాన్ని పక్కకి తీసి చెయ్యి ఊపేదాకా ఆగండి. రెండు నిమిషాలు లేటైతే క్వారీ ఎక్కడికీ పారిపోదు. కానీ ఒక మనిషి జీవితం... ఇదిగో, మా బావమరిదిని చూడండి."

అందరూ చూశారు. తప్పు మాట ఒక్కటీ లేదు. రౌతు అతనికి ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన మాటలే, అదే వరసలో.

"నువ్వూ రెండు ముక్కలు చెప్పరా," అని బావ మైకు ఇచ్చాడు.

రౌతు చంకకర్రల మీద లేచాడు. మొదటి వరసలో అక్క ఉంది. యజమానురాలు ఉంది. చిట్టి మీద స్వారీ నేర్చుకున్న అమ్మాయి ఒకతి తండ్రి పక్కన కూర్చుంది.

"కుక్క ఏదీ లేదు," అన్నాడు. "ఆరోజు ఏ కుక్కా అడ్డు రాలేదు. మా బావ ఇంజన్ ఆపేసి వెనక నుంచి వచ్చి హారన్ కొట్టాడు. సరదాకి. అంతకుముందు కూడా చాలాసార్లు కొట్టాడు. చిట్టి తప్పేమీ లేదు. మీరందరూ తెలుసుకోవాలనే చెబుతున్నా."

యజమానురాలు ముందుకు వంగింది.

బావ ఫక్కున నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చూశారా! వీడిని ఇన్నాళ్ళూ ఏడిపించానని ఇవాళ ఇంతమందిలో నాకు బాకీ తీర్చేశాడు! ఒరేయ్ బామ్మర్దీ, గెలిచావురా!" అంటూ వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆ చెయ్యి రౌతు మెడ నరం మీద బలంగా నొక్కుతోంది. అది ఎవరికీ కనిపించదు.

డ్రైవర్లలో ఎవడో నవ్వాడు. ఇంకొకడు చప్పట్లు కొట్టాడు. నవ్వు వరసలు దాటుకుంటూ ముందుకు వచ్చింది. రౌతు అక్క వంక చూశాడు. యజమానురాలు కూడా ఆమె వంకే చూసింది, ఏమంటుందోనని. అక్క ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. యజమానురాలు కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

మర్నాడు అక్క టైర్ల గదిలోకి భోజనం తెచ్చింది. కంచం పెట్టి వెళ్ళబోతుంటే అన్నాడు.

"నవ్వావు అక్కా."

"అందరూ నవ్వారు."

"అందరి సంగతి నాకెందుకు?"

ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. జాకెట్టు చేతి కింద కొత్త వాపు కనిపిస్తోంది. దాన్ని దాచే ప్రయత్నం చెయ్యలేదు.

"నవ్వినా ఇదీ బతుకు. నవ్వకపోయుంటే ఏమయ్యేదో ఆలోచించావా? నువ్వు చెప్పేసి కూర్చున్నావు. ఆయనతో ఇంటికి వచ్చింది నేను."

"నాతో వచ్చెయ్యి. ఎక్కడికైనా పోదాం."

"ఏ కాళ్ళతో పోతావురా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. "వచ్చే వారం నది అవతల క్వారీలో కూడా మీటింగుందట. నిన్ను తీసుకురమ్మన్నారు. మీ బావ చెప్పమన్నాడు. ఈసారి సరిగ్గా మాట్లాడు. నీ కోసం కాదు."

"నేను రానంటే?"

ఆమె వాపు ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడింది.

రౌతు వెళ్ళాడు. సరిగ్గానే మాట్లాడాడు. కంచెలోంచి కుక్క ఎలా దూకిందో, బావ ఎంత తొందరగా ఆస్పత్రికి చేర్చాడో చెప్పాడు. ఒక ముసలి డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. యజమానురాలు ఆ సమావేశానికి రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు టిప్పర్ క్యాబిన్‌లో బావ పక్కన కూర్చున్నాడు. ఇరుకు రోడ్డు మొదట్లో ముందు రెండు గుర్రాలు కనిపించాయి. బావ వెంటనే వేగం తగ్గించాడు. ఇంజన్ చప్పుడు పెరగకుండా మనిషి నడక వేగంతో వెనకే వెళ్ళాడు. పొలం గేటు దగ్గర గుర్రాలు పక్కకు తప్పుకున్నాయి. బావ వీలైనంత ఎడంగా దాటించి బండి ఆపాడు.

మొదటి గుర్రం మీద ఉన్నది చిట్టి మీద స్వారీ నేర్చుకున్న అమ్మాయే. రౌతును చూసి నవ్వింది, బావ వైపు తిరిగి చెయ్యెత్తింది.

"థాంక్స్ అంకుల్! అందరూ మీలా నడిపితే మాకు భయమే ఉండదు."

"జాగ్రత్తగా వెళ్ళమ్మా," అన్నాడు బావ. ఆ గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది.

గుర్రాలు మలుపు తిరిగి కనుమరుగయ్యాయి. బావ గేరు వేస్తూ, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"మీ అక్కకి చెప్పు. ఇవాళ బాగా మాట్లాడావని నేనన్నానని. సంతోషిస్తుంది."

"చెబుతాను బావా," అన్నాడు రౌతు.