నలోవా కోసం నిలబడ్డ పలక

నేను ఒక పేరుపలకను. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, ఒంటి మీద చెక్కిన పేరు ఇండియా. మహాసముద్ర మత్స్య మండలి సమావేశం ఏ దేశంలో పెడితే ఆ దేశానికి నన్ను పెట్టెలో వేసి పట్టుకుపోతారు. ఎన్ని దేశాలు తిరిగినా బల్ల, గోడగడియారం తప్ప నేను చూసిందేమీ లేదు. పైగా అస్తమానం పడుకుని ఉండటం నాకు సరిపడని పని.

పుట్టింది ఏటికొప్పాకలో. మండలి ఒకసారి విశాఖపట్నంలో కూడినప్పుడు, సభ్యదేశాలన్నిటికీ అంకుడు కర్రతో పలకలు చేయమని మా ఊరి బొమ్మల పనివాడు నూకరాజుకు పని అప్పగించారు. బొమ్మలు చేసే చేతికి దేశాలు చేయడం కొత్త. లక్క పూసి మొగలి ఆకుతో మెరుగు పెడుతూ భార్యతో అన్నాడు:

"నిలబెట్టినా ఉండాల, పండబెట్టినా ఉండాలట. ఇదేటి బొమ్మే?"

"మనకెందుకు? రంగు సరిగ్గా ఎయ్యి," అందావిడ.

మా ఉద్యోగమంతా ఆ నిలబడటంలోనే ఉంది. సభలో మాట్లాడదలచిన దేశం చెయ్యెత్తదు, తన పలకను నిలువుగా నిలబెడుతుంది. అధ్యక్షుడు చూసి పిలుస్తాడు. ఆ హక్కు బల్ల చుట్టూ కూర్చున్న సభ్యదేశాలకే. గోడవార వెనక వరుసలో పరిశీలక దేశాలు కూర్చుంటాయి. వాళ్ల పేర్లు అట్టముక్కల మీద ఉంటాయి, అవి నిలబడినా ఎవరూ చూడరు.

ఆ వరుసలో నలోవా అనే చిన్న దీవుల దేశం ఉండేది. ప్రతినిధి తెవైలా అనే నెరిసిన జుట్టావిడ. నలోవా చుట్టూ ఉన్న నీళ్లలో ఎవరెంత ట్యూనా పట్టుకోవాలో ఈ బల్ల దగ్గరే తేల్చేవారు. ఆవిడ పదహారేళ్లు విని, రాసుకుని, ఇంటికి వెళ్లింది. చేప కరువై తమ పడవలు ఒడ్డునే ఉంటున్నాయని కాఫీ వేళ కనబడిన వాళ్లందరికీ చెప్పుకునేది. అందరూ అయ్యో అనేవారు. అయ్యో అనడానికి పలక నిలబెట్టక్కర్లేదు కదా.

మా దేశం తరఫున వచ్చేది మైలపల్లి దానయ్య. భీమిలి జాలరి ఇంట్లో పుట్టి పెద్ద ఆఫీసరయ్యాడు. కాగితాలు బల్లంతా పరిస్తే గానీ ఆయనకు బుర్ర పనిచేయదు. మొదటి సమావేశంలోనే చోటు చాలక నన్ను తీసి నిలువుగా పక్కన పెట్టాడు. "ఇండియా మాట్లాడవచ్చు," అన్నాడు అధ్యక్షుడు. దానయ్య కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు. చివరికి లేచి, కాఫీ చాలా బాగుందని ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాడు. అది సభ మినిట్స్‌లోకి కూడా ఎక్కింది. ఆయన సహాయకురాలు ఇందుమతి మూడు రోజులు నవ్వు ఆపుకోలేక అవస్థ పడింది.

రెండేళ్ల తర్వాత నలోవా పూర్తి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టింది. ఒక సభ్యదేశం ప్రతిపాదించాలి, ఇంకొకటి బలపరచాలి. సాయంత్రంలోగా బలపరిచేవాళ్లు లేకపోతే మళ్లీ అయిదేళ్ల దాకా ఆ ఊసే ఎత్తకూడదు. పొరుగు దీవుల దేశం ఒకటి ప్రతిపాదించింది. ఆ తర్వాత బల్ల చుట్టూ అందరూ గడియారం చూడటం మొదలుపెట్టారు. నలోవా చేరితే మన ట్యూనా వాటా తగ్గుతుందని, మాకు పైనుంచి వచ్చిన ఉత్తర్వు మౌనంగా ఉండమని. దానయ్య మూడుసార్లు ఫోన్ చేశాడు, మూడుసార్లూ అదే జవాబు.

నాకు ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది. ఇంకా పావుగంట ఉంది, పది నిమిషాలుంది, లేపవయ్యా నన్ను అని అరవాలనిపించింది. వెనక వరుసలో తెవైలా ఎవరివంకా చూడకుండా తన అట్టముక్కను సవరించుకుంటోంది. దానయ్య ఉన్నట్టుండి సంచిలోని కాగితాలన్నీ తీసి పరవసాగాడు.

"సార్, మనకి పర్మిషన్ లేదండి," అంది ఇందుమతి మెల్లగా.

"తెలుసమ్మా."

"మరి ఇవన్నీ ఎందుకు తీస్తున్నారు?"

"సోటు సాల్లేదు."

ఆయన పరిచినవి తెల్లకాగితాలు. నన్ను తీసి పక్కన నిలబెట్టాడు. పిలుపు వచ్చింది. "సముద్రం మీద బతికేవాళ్లకు ఈ బల్ల దగ్గర కుర్చీ ఉండాలి. నలోవాను బలపరుస్తున్నాం," అన్నాడు. అరగంటలో ఓటింగు కూడా అయిపోయింది. నలోవా గెలిచింది.

పైవాళ్లు సంజాయిషీ అడిగారు. చోటు కోసం పలక నిలబెట్టాననీ, దేశం పేరు పిలిచాక ఊరకుంటే పరువు తక్కువనీ రాసి, పాత కాఫీ మినిట్స్ జతపరిచాడు. నమ్మారో లేదో గానీ ఆయన్ను మళ్లీ మండలికి పంపలేదు. రావలసిన ప్రమోషనూ రాలేదు. అసలు సంగతి తెలిసిన సాక్షిని నేనే, నన్నెవరూ అడగలేదు.

మరుసటి సమావేశానికి ఆయన కుర్చీలో ఇందుమతి కూర్చుంది. ఎదురుగా నలోవా, ముందు అంకుడు కర్ర పలక. నూకరాజు చేత చేయించి దానయ్యే పంపాడట. ఆ రోజు మా దేశం ఆ నీళ్లలో మరింత ట్యూనా పట్టుకోనివ్వమని అడిగింది. అందరికంటే ముందు నిలబడింది నలోవా పలకే.

"ఇండియా చేసిన మేలు మరవం," అంది తెవైలా. "ఈ కోరికను మాత్రం ఒప్పుకోం."

నాకు ఒళ్లు మండిపోయింది. విరామంలో ఇందుమతి సీట్లోంచే ఫోన్ చేసింది.

"సార్, ఆవిడ మనకే అడ్డం తిరిగిందండి."

అవతల దానయ్య చాలాసేపు నవ్వాడు.

"మరేటమ్మా, కుర్చీ ఇచ్చింది కూకోడానికేనేటి?"

సభ మళ్లీ మొదలైంది. ఇండియా జవాబు చెప్పదలచుకుందా అని అధ్యక్షుడు అడిగాడు. ఇందుమతి చెయ్యి నా మీదే ఉంది. ఓట్లు లెక్కపెట్టేదాకా తీయలేదు, నన్ను నిలబెట్టనూ లేదు. ఈసారి నాకూ లేవాలనిపించలేదు.