కేరాఫ్ ఐలయ్య చాయ్ దుకాణం

మాదాపూర్‌లో మా నర్సింగ్ స్కూలు పూర్వ విద్యార్థినుల సంఘానికి ఒక గది, అందులో ఒక కంప్యూటరు ఉండేవి. 1998లో ఆ కంప్యూటరుకున్న మర్యాద మాలో ఎవరికీ లేదు. దానికోసం ఏసీ పెట్టించారు. దాని పుణ్యాన మేమూ చల్లబడేవాళ్ళం. అందులో అందరి చిరునామాలూ చూసుకునేది ఎవాంజెలిన్ అక్క. ఉత్తరం తిరిగొస్తే మేమైతే పేరు కొట్టేసి ఊరుకునేవాళ్ళం. అక్క మాత్రం ఆ పాత ఇంటికి వెళ్ళి వాకబు చేసేది.

ఆ ఏడు ఒక కొత్త ఆసుపత్రివాళ్ళు మా ద్వారా నర్సులకు ఇంటర్వ్యూ కార్డులు పంపారు. కరుణ కార్డు తిరిగొచ్చింది. పనిచేస్తున్న నర్సింగ్‌హోమ్ మూతపడి ఖాళీగా ఉన్న పిల్ల. ఇంటర్వ్యూ ఆ వారమే. అక్క నన్ను వెంటేసుకుని బోరబండ బయల్దేరింది.

పాత ఇంటి యజమాని బుచ్చమ్మ గడపలోనే చెప్పింది. "కిరాయి కట్టలేక ఖాళీ చేసి పోయిన్రు బిడ్డా. మియాపూర్‌ల కొత్త బిల్డింగ్ కాడ ఆమె మొగడు వాచ్‌మన్‌గ చేస్తున్నడట. బస్ డిపో ఎనక అడుగుండ్రి."

సగం కట్టిన అపార్టుమెంటులో, సిమెంటు బస్తాల పక్కన కరుణ బట్టలారేస్తోంది. మమ్మల్ని చూసి తల దించుకుంది. కార్డు తీసుకుని కళ్ళకద్దుకుంది.

"అక్కా, ఈ అడ్రసు మాత్రం రాయకు. అందరు ఏమనుకుంటరు?"

"అనుకునేవాళ్ళు ఉత్తరాలు తెచ్చివ్వరమ్మా. ఇక్కడికి పోస్టు ఎలా వస్తుంది?"

"ఈ బిల్డింగ్‌కు నంబరే లేదు. పోస్ట్‌మన్ ఐలయ్య చాయ్ దుకాణంల ఇచ్చి పోతడు."

అక్క తిన్నగా ఆ దుకాణానికి వెళ్ళింది. చాయ్ తాగి, ఐలయ్యకు కరుణ పేరు, మా ఆఫీసు ఫోన్ నంబరు ఇచ్చి వచ్చింది.

మా ఆఫీసు మేనేజరు విశ్వేశ్వరరావు గారికి అది నచ్చలేదు. "మన మెంబరుకి టీకొట్టు అడ్రసేంటండీ, పరువు తక్కువ! ఆ బిల్డరు హెడ్డాఫీసు అడ్రసు వేసేయండి, హుందాగా ఉంటుంది."

నాకు ఒళ్ళు మండింది. అక్క గొంతు కూడా పెంచలేదు. "ఆ హెడ్డాఫీసులో కరుణ ఎవరో తెలుసాండీ? ఐలయ్యకు తెలుసు," అంటూ దుకాణం పేరు టైపు చేసేసింది.

కరుణ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. ఎంపికైనవాళ్ళకు ఆర్డర్లు పంపడానికి ఆసుపత్రివాళ్ళు మళ్ళీ మా దగ్గరే చిరునామాలు తీసుకున్నారు. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"అమ్మా, ఐలయ్యను. కరుణమ్మకు దవాఖాన నౌకరి కాగితం వచ్చింది. నేనే ఉరికిపోయి ఇచ్చిన. ఫోన్ చేస్తనని బూత్ కాడికి వచ్చి, ఒకటే ఏడుస్తున్నది. జర మీరే మాట్లాడుండ్రి."

అక్కకు ఫోన్ ఇచ్చాను. అవతల ఏడుపు ఇవతలికి వినబడుతోంది. అక్క కళ్ళు కూడా తడిశాయి. ఇలాంటి మనిషి పక్క కుర్చీలో పనిచేస్తున్నందుకు నాకు గర్వమేసింది.

"ఏడువమ్మా, తనివితీరా ఏడువు," అంది అక్క. పెన్ను మూత తీసింది. "అయ్యాక చెప్పు, ఇల్లు ఎక్కడ తీసుకుంటున్నావ్?"