కప్పు మూయని గది

కళ్లద్దాల దుకాణంలో అద్దం అరగదీస్తున్న అల్లుడికి ఉరుము వినగానే గుండె గుభేలుమంది. మేడమీది టెలిస్కోపు గదికి గాలి తగలాలని పొద్దున బటన్ నొక్కి రేకుల కప్పు పక్కకు జరిపాడు. మూయకుండానే వచ్చేశాడు. టెలిస్కోపు, దానికి బిగించిన కొత్త కెమెరా వానకు ఎదురుచూస్తున్నట్టు ఆకాశం కిందే ఉన్నాయి.

ఇంట్లో అత్తగారు ఒక్కరే. మోకాళ్ల నొప్పుల మనిషి. ఆ గదిని "మీ ఆయన రెండో కాపురం" అని కూతురి దగ్గర దెప్పడమే తప్ప ఏనాడూ దాని గడప తొక్కలేదు. గతిలేక ఆవిడకే ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, కొంచెం మేడెక్కి కప్పు మూస్తారా?"

మెట్ల మీద ఆయాసం వినిపించింది. "ఎక్కాను బాబూ. ఈ పచ్చ బటనేనా?"

"ఆగండి, నొక్కకండి! ముందు గొట్టాన్ని పడుకోబెట్టాలి. లేకపోతే కప్పొచ్చి దాని మెడ విరుస్తుంది."

"ఏనుగు తొండమంత ఉంది. నావల్ల అవుతుందా?"

"ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, పక్కనున్న నల్ల పిడి వదులు చేయండి. మెల్లగా."

ధడేల్మని చప్పుడు. ఫోన్ కట్టయింది.

మళ్లీ చేశాడు. మోగలేదు. "అయ్యో కెమెరా!" అనుకున్నాడు. మరుక్షణమే "ఛీ, పెద్దావిడ ఏమైందో!" అని తనను తానే తిట్టుకుంటూ స్కూటరెక్కాడు. దారంతా కుండపోత.

రెండేసి మెట్లు దూకుతూ మేడెక్కాడు. కరెంటు పోయి కప్పు సగంలో ఆగిపోయింది. పడుకున్న టెలిస్కోపు మీద తన శాలువా కప్పి, పైన గొడుగు పట్టి, అత్తగారు నిలువెల్లా తడుస్తూ నిలబడి ఉన్నారు.

"దెబ్బ తగిలిందా?"

"తగిలింది బాబూ. గొట్టం గిర్రున తిరగడంతో కెమెరా పోయి, గొట్టాన్ని నిలబెట్టిన స్తంభానికి కొట్టుకుంది. అద్దం బీటలిచ్చింది. పట్టుకోబోతే ఫోన్ కూడా నీళ్లలో పడింది."

"నేనడిగింది మీ సంగతి!"

ఆవిడ మోచెయ్యి చూపించారు. చర్మం లేచిపోయింది.

ముందు భుజం ఆనించి కప్పును చివరిదాకా తోశాడు. తర్వాత కెమెరా వైపు ఒకసారి చూశాడు. ఆరు నెలలు వెతికి తెచ్చుకున్నది.

"కోపమొచ్చిందా?" అన్నారావిడ బెరుగ్గా.

"బాధగానే ఉంది. మీమీద కాదు. తెరిచిపెట్టింది నేనేగా."

కిందికి దిగి ఆవిడ మోచేతికి మందు రాస్తున్నాడు. పైన ఉరిమినప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే తలెత్తి కప్పు వైపు చూస్తున్నారు.