నోరు కనపడని షాటు

పొద్దున్నే స్నానాలగదిలో అతను రెండోసారి చచ్చిపోతుంటే వంటింట్లోంచి భార్య కేకేసింది.

"చచ్చింది చాలు గానీ, కాఫీ చల్లారిపోతోంది. వచ్చి తాగండి."

అతను ఉప్పునీళ్లు పుక్కిలించి ఉమ్మి, మెడకి మఫ్లరు చుట్టుకుని బయటికొచ్చాడు. సన్నటి మనిషి. బుగ్గలు లోపలికి పోయాయి, భుజాలు ముందుకి వంగాయి. ఒంట్లో ఉన్న కండంతా గొంతులోనే ఉందనిపిస్తుంది. మింగినప్పుడల్లా కంఠముడి పైకీ కిందకీ పరుగెడుతుంది. ఎండాకాలంలో కూడా మఫ్లరు తియ్యడు. ఆ గొంతే అతని కూడు. బయటి దేశాల సినిమాలని మన భాషలోకి మార్చే స్టూడియోలో డబ్బింగు చెబుతాడు. అందులోనూ అతనికి వచ్చేవన్నీ చచ్చేవాళ్ల పాత్రలు. కత్తిపోటుకి ఒక కేక, తుపాకీ గుండుకి ఒక కేక, మేడమీంచి పడేవాడికి పొడుగాటి కేక, నీళ్లలో మునిగేవాడికి గుటకలు. స్టూడియోలో అందరూ అతన్ని చావుల బాబాయ్ అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. అతను కూడా ఫోనెత్తి "నేనండీ, చావుల బాబాయిని" అనడం అలవాటు చేసుకున్నాడు. ఇంకేం చేస్తాడు?

స్నానాలగదిలో చచ్చిన చావులు సాయంత్రం పనికి. ఒక అమెరికా గ్యాంగ్‌స్టర్ సినిమాలో మెట్లమీద పడిపోయేవాడొకడు, కారులో తూట్లు పడేవాడొకడు. పొద్దుటి పనికి మాత్రం అతను సాధన చెయ్యలేదు. చేస్తే పాడైపోతుందని భయం. అతనికి జీవితంలో మొదటిసారి పెద్ద పాత్ర దొరికింది. ఒక ఛానెల్ వాళ్లు పాత బ్రిటిష్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు, నలుపు తెలుపువి, గంపగుత్తగా కొన్నారు. అందులో ఒకదానికి నాయకుడి గొంతు చెప్పాల్సిన అతను, స్టూడియోలో అందరూ హీరోగారు అని పిలిచే అతను, ఊళ్లో లేకపోయాడు. డైరెక్టరు అటూ ఇటూ చూస్తే బాబాయ్ తప్ప ఎవరూ కనపడలేదు. గతిలేక ఇచ్చారని బాబాయికి తెలుసు. అయినా ఇచ్చాక ప్రాణం పెట్టి చెప్పాడు. ఇవాళ ఆఖరి సీను. చివర్లో పేరు కూడా వేస్తామన్నారు.

"మీవాడు ఇవాళ పోతాడా?" అంది భార్య, కప్పు అందిస్తూ.

"పోతాడు. కానీ అరవడు."

"అరవకుండా పోయేదానికి మిమ్మల్నెందుకు పిలవడం?"

అతను నవ్వి, ఎన్నోసారో మళ్లీ మొదలుపెట్టాడు. "అమెరికా వాడు వేరోయ్. ఏమీ లేనివాడు ఎగబాకి, సూట్లు కుట్టించి, అమ్మకి బంగళా కొనిపెడతాడు. చచ్చేటప్పుడు కూడా చేతులు బార్లా చాపి, ఊరంతా తననే చూస్తోందని తెలిసి మరీ చస్తాడు. బాగుంటుంది, కాదనను. ఇన్నేళ్లూ మనకి తిండి పెట్టింది వాడే. కానీ ఈ బ్రిటిష్ వాడున్నాడే, వాడి రాజ్యమంతా కలిపి నాలుగు సందులు. ఎంత కూడబెట్టినా బ్యాంకు గుమస్తా కనపడితే టోపీ తీసేస్తాడు. ఒకణ్ణి కొట్టాలంటే ముందు తన కోటు మడిచి కుర్చీమీద పెట్టుకుంటాడు. ఎప్పుడూ వాన, ఇరుకు మెట్లు, తడిసిన గోడలు. మన పక్కవాటాలో అద్దెకున్నాడంటే నమ్మొచ్చు."

"పక్కవాటాలో వాడుంటే మనం ఇల్లు మారదాం," అంది ఆమె. "ఎవడైతేనేం, పోయినవాడు పోయినట్టేగా?"

"పోయినట్టే. పోయే తీరులో ఉందోయ్ మనిషి."

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టి, మఫ్లరు మడత సరిచేసి పంపింది.

స్టూడియో ఒక పాత భవనం నేలమాళిగలో ఉంది. గోడలకి బూడిదరంగు స్పాంజి అంటించారు. అది అక్కడక్కడ ఊడి వేలాడుతుంటుంది. చెమ్మపట్టిన తివాచీ వాసన, దగ్గు బిళ్లల వాసన కలిసి ముక్కుకి తగులుతాయి. ఒక పక్క మైకు గది, మధ్యలో అద్దం, అద్దానికవతల డైరెక్టరూ సౌండ్ ఇంజనీరూ. బాబాయ్ హెడ్‌ఫోను పెట్టుకుని తెరవైపు చూశాడు.

తెరమీద అతనివాడు బస్సుస్టాండు పక్కన టీ దుకాణంలో కూర్చున్నాడు. సొంత బావమరిదే వాణ్ణి పట్టించేశాడు. ఇద్దరు మనుషులు రోడ్డు దాటి వస్తున్నారని వాడికి తెలుసు. పారిపోడు. టీలో చక్కెర వేసి కలుపుతూ, బల్లలు తుడిచే పిల్లతో ఒక్క మాటంటాడు: "తలుపు దగ్గరగా వేసి ఇంటికి వెళ్లమ్మా, చలి వస్తోంది." ఆ పిల్ల వెళ్లిపోతుంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. వాడి వీపు, చెంచా చప్పుడు. అంతే.

డైరెక్టరు ఆ వీపు దగ్గర బొమ్మ ఆపాడు. "బాబాయ్, ఇక్కడ నోరు కనపడదు కదా. ఒక మంచి డైలాగు పెడదాం. రాశాను."

కనపడే నోటికైతే పెదవులు కలవాలి. వెనక్కి తిరిగినవాడి నోట్లో ఏదైనా పెట్టొచ్చు. డబ్బింగులో అందరూ చేసే పనే. బాబాయ్ నోట్లో కూడా ఇన్నేళ్లలో ఎన్నో పెట్టారు, ఎన్నడూ కాదనలేదు.

"వాడు ఏమీ అనడండీ," అన్నాడు.

"నిశ్శబ్దంగా ఉంటే జనం టీవీ పాడైందనుకుని ఛానెల్ మార్చేస్తారు."

"ఆ పిల్లని పంపేశాడు కదండీ. ఇంక ఎవరికి చెబుతాడు? అమెరికా వాడైతే చెప్పకుండా ఉండలేడు. వీడు అలాంటివాడు కాదు." ఎదురుచెప్పడం అతనికి కొత్త. "ఇదొక్కటి నా మాట వినండి సార్. ఇంకెప్పుడూ అడగను."

డైరెక్టరు అద్దంలోంచి కాసేపు చూశాడు. ఇంజనీరు తల దించుకున్నాడు. "సరే బాబాయ్. నీ ఇష్టం. కానియ్యి."

అతను ఆ ఒక్క మాటా చెప్పాడు. బతిమాలినట్టు కాదు, ఆజ్ఞాపించినట్టు కాదు. ఇంట్లో రాత్రి లైటు తీసెయ్యమని చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత మైకు ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, చెంచా చప్పుడు ఆగిపోయేదాకా. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడలేదు. డైరెక్టరు "ఓకే" అన్నాడు.

మధ్యాహ్నం వరండాలో టిఫిన్ డబ్బా విప్పుకుని భార్యకి ఫోను చేశాడు.

"అయిపోయింది. బాగా వచ్చింది."

"ఎంత బాగా?"

"నాకే చలేసింది."

"సాయంత్రం తొందరగా రండి అయితే," అంది ఆమె. ఆమె గొంతులో నవ్వు విని అతను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి మైకు గదిలోంచి గర్జన వినిపించింది.

"రండిరా! నా సందులోకొచ్చి నన్నే చంపుతారా? నేను పోతే ఈ ఊరు ఊరంతా తగలబడిపోద్దిరా!"

హీరోగారు ఊరినుంచి వచ్చేశాడు. తెరమీద ఆ వీపే. ఆ చెంచా చప్పుడు తీసేసి బాజాలు పెట్టారు. బాబాయ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

డైరెక్టరు బయటికొచ్చి భుజంమీద చెయ్యేశాడు. "ఏమనుకోకు బాబాయ్. ఛానెల్ వాళ్లు విన్నారు. గొంతులో బరువు లేదన్నారు. మొదట్నుంచీ మళ్లీ చెప్పిస్తున్నాం."

"మొదట్నుంచా?"

"ఒక మనిషికి రెండు గొంతులుండవు కదా. సాయంత్రం ఆ అమెరికా సినిమా ఉంది, మర్చిపోకు. నువ్వు లేకపోతే మాకు చచ్చేదెవరు?"

అది జోకు. బాబాయ్ నవ్వాడు కూడా. నవ్వకపోతే రేపట్నుంచి ఆ చావులు కూడా ఉండవు. అలా నవ్వినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. వాడి పరువు ఆ వీపులో ఉంది, దాన్ని కూడా ఉంచలేకపోయాను అనుకున్నాడు. ఎవరితో చెప్పినా నవ్విపోతారు. ఒక సినిమాలో ఒక దొంగవెధవ వీపు.

సాయంత్రం మెట్లమీద చచ్చాడు. కారులో చచ్చాడు. ఆ రెండో కేకకి ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. "అదరగొట్టావ్ బాబాయ్! ఇంత గొంతు ఎక్కడ దాచావు?" అదే సినిమాలో గోదాములో చచ్చే మూడోవాడికి ముందు కాస్త విరామం ఇచ్చారు. బాబాయ్ ఛాతీ రుద్దుకుంటూ వెళ్లి ఆర్టిస్టుల గదిలో మూల కుర్చీలో కూర్చున్నాడు. మఫ్లరు గడ్డందాకా లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

అలా కూర్చున్న ఆర్టిస్టుని ఎవరూ పలకరించకూడదు. గొంతుకి విశ్రాంతి ఇస్తున్నాడని అర్థం. ఎక్కడా రాసిలేదు గానీ, నిర్మాత వచ్చినా ఆ నియమం పాటించాల్సిందే. కాఫీలిచ్చే ఆవిడ అతని పక్కన కప్పు పెట్టి చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. హీరోగారు ఒక మాట చెబుదామని వచ్చాడు. పాపం, మరీ చెడ్డవాడేం కాదు. చూసి, మునివేళ్లమీద వెనక్కి తిరిగాడు. గాలి తగిలితే గొంతు పడుతుందని ఎవరో ఫ్యాను ఆపేశారు. చొక్కా జేబులో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఇంజనీరు వచ్చి, విశ్రాంతి చెడుతుందని, రెండువేళ్లతో దాన్ని మెల్లగా బయటికి తీసి నోరు నొక్కి బల్లమీద పెట్టాడు. అంత జాగ్రత్తగా చూసుకున్నారు అతన్ని.

మూడో చావుకి పిలవడానికి వచ్చినప్పుడు తెలిసింది. డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి చాలాసేపైందన్నాడు. డైరెక్టరు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, రేపటికి సినిమా ఇచ్చెయ్యాలి కదా అని, మూడోవాడికి బాబాయిదే ఏదో పాత కేక వెతికి పెట్టమన్నాడు. ఇంజనీరు దగ్గర అవి బోలెడున్నాయి.

భార్య వచ్చేసరికి అతన్ని బల్లమీద పడుకోబెట్టారు. ఆమె మొహం చూసింది, మఫ్లరు విప్పి మడిచి చేతిలో పట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం డైరెక్టరుకి భరించశక్యం కాలేదు.

"కష్టపడలేదమ్మా," అన్నాడు. "ఆఖరి క్షణంలో మీ పేరే తలుచుకున్నాడు. రెండుసార్లు పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను."

ఆమె తలెత్తి అతనివైపు చూసింది.

"ఆయన నన్నెప్పుడూ పేరుపెట్టి పిలవలేదండీ," అంది.

అతన్ని తీసుకెళ్లిపోయారు. తక్కినవాళ్లు లైట్లు ఆర్పుకుంటూ, మైకు గది ముందు విడిచిన చెప్పులు ఎవరివి వాళ్లు వెతుక్కుని, తొడుక్కుని, మెట్లెక్కి వెళ్లారు. చివరికి గుమ్మం పక్కన ఒక్క జత మిగిలింది: తోలు చెప్పులు, కుడిదాని మడమ ఒకవైపుకి బాగా అరిగిపోయింది.