నీలం టిక్కులు

బీరకాయలు చెక్కు తీస్తూ పావని తన చేతిలో ఉన్నదేమిటో లెక్క చూసుకుంది. పాలకొల్లు బజారులో గాజుల కొట్టు. సాయంత్రానికి ఇంటెడు పని. దసరా సెలవుల్లో, రెండు రోజులుగా సరిగ్గా తినని పదో తరగతి కూతురు హేమశ్రీ. ఆ పిల్ల ఫోను నిన్న తొమ్మిది గంటలు వెలిగిందట, ఫోనే చూపిస్తోంది.

"తల్లి కొట్టు పట్టుకుంటే పిల్ల ఫోను పట్టుకుంటుంది మరి," అంది అత్తగారు రత్తమ్మ.

"మొన్న రెండు రోజులు బీరువాలో పెట్టి తాళం వేశాను. మళ్లీ ఇప్పించింది నువ్వేగా," అన్నాడు భర్త ప్రేమ్ కుమార్, షటిల్ ఆటకి బూట్లు వేసుకుంటూ.

సరుకు ఎటు పోతోందో చూడకుండా ఏ వ్యాపారీ షట్టర్ దించడు. పావని వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది. "తొమ్మిది గంటలూ ఎవరితోనే?"

"ఎవరితోనూ కాదమ్మా. మధులత నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేసింది. మళ్లీ కలుపుతుందేమోనని చూస్తున్నా."

మధులత ఇల్లు వెనక వీధిలోనే. నాలుగు నిమిషాల నడకకి తొమ్మిది గంటలు! "వెళ్లి అడగొచ్చుగా?" అంది పావని.

"ఎవరు వెళ్లనిస్తారు?"

నిజమే. ఈ ఇంటి ఆడపిల్లకి బజారు లేదు, కాలవగట్టు లేదు, స్నేహితురాలి గుమ్మం లేదు. ఉన్న ఒక్క వీధీ ఆ ఫోనే. పెళ్లయ్యాక తనకి మాత్రం ఎవరు మిగిలారు? గాజులు బేరమాడేవాళ్లు తప్ప.

"సైకిలు తీసుకుని వెళ్లిరా."

"దీపాలు పెట్టేవేళ ఆడపిల్ల ఎక్కడికి?" అన్నాడు ప్రేమ్ కుమార్.

"మీరెక్కడికండీ?"

"షటిల్‌కి."

"మీకు మనుషులు కావాలి. దానికీ అంతే."

అతను ఆట నుంచి తిరిగొచ్చేసరికి ఒక్క సైకిలు మీద ఇద్దరు పిల్లలూ రొప్పుతూ గుమ్మంలో దిగారు.

"ఆంటీ, మా నాన్న నన్ను ఇంటర్‌కి పంపనన్నారు. నాతో ఒక్కసారి మాట్లాడవే అని దీనికి మెసేజ్ పెట్టా. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. కోపమొచ్చి ఆ మెసేజ్ చెరిపేసి, దీన్ని గ్రూపులోంచి తీసేశా," అంది మధులత.

"అప్పుడు నా ఫోను బీరువాలో ఉందే," అంది హేమశ్రీ.

ముగ్గురూ ప్రేమ్ కుమార్ వైపు చూశారు. "ఎవరితో ఏం మాట్లాడుతోందోనని తెరిచి చూశానంతే," అన్నాడు అతను, గొంతు తగ్గించి.

పావని చేతులు కడుక్కుని స్కూటీ తాళం అందుకుంది.

"వంట మీరు చూడండి. మధులతా, ఎక్కు. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను."

ఆ సాయంత్రం ఫోను వెలిగింది పదకొండు నిమిషాలు. హేమశ్రీకి తిరిగొచ్చింది ఒక స్నేహితురాలు. పావనికి కొత్తగా ఇద్దరు, కూతురితో కలిపి.