నూట ఐదు పౌండ్ల సామ్రాజ్యం

సెబూ నగరంలోని ఆ బాక్సింగ్ జిమ్ములో నూట ఐదు పౌండ్ల తరగతికి క్రిసాంతో ఆరేళ్లుగా ఏకచ్ఛత్రాధిపతి. బరువు ఆ హద్దు దాటకుండా, సామ్రాజ్య రక్షణ కోసం ప్రతి పోటీకీ ముందు అతడూ, సహచరుడు ఎల్పీడియో పక్కపక్కనే కూర్చుని, పుల్లని బిళ్ళలు చప్పరిస్తూ, ఒంట్లోని నీరు పోయేదాకా ఒకే రేకు డబ్బాలో ఉమ్మేవారు.

క్రిసాంతోలో ఇక ఎముకలు తప్ప తగ్గించడానికేమీ మిగల్లేదని గ్రహించి, కోచ్ ఒకనాడు రాజశాసనం వెలువరించాడు.

"చాల్లేరా ఈ కడుపు మాడ్చుకోడం! ఇంక నువ్వు నూట పన్నెండులో ఆడతావు. వెళ్ళి తిను."

జిమ్ము ధర్మశాస్త్రం ప్రకారం, తినేవాడు పస్తున్నవాళ్ళ కంటబడరాదు. కనుక చక్రవర్తి అన్నపు గుట్టతో, కోడి పులుసుతో పెరటి గోడ వెనక ఒంటరిగా కొలువుదీరాడు. గోడకు అవతల ఎవరో నవ్వారు.

"ఒరేయ్ ఎల్పీడియో, డబ్బా ఎంత నిండిందిరా?" క్రిసాంతో గోడ మీదుగా కేకేశాడు.

"అన్నం తినేవాళ్ళకి మా డబ్బా సంగతులెందుకన్నా? ఆ వాసన ఇటు రాకుండా గాలివాటం చూసుకుని కూచో!"

"నువ్వూ పై తరగతికి వచ్చెయ్యరా. కలిసి తిందాం."

"నాలో ఇంకా కరగాల్సింది ఉందిలే. డబ్బా దగ్గర నీ చోట్లో ఆ కొత్త కుర్రాడు నార్సీసో కూచున్నాడు."

క్రిసాంతో మెతుకు మిగల్చకుండా తిన్నాడు. సాయంత్రం కాటా మీద రెండు పౌండ్లు పెరిగాడు. కోచ్ చప్పట్లు కొట్టాడు. ఇదివరకు బరువు తగ్గినప్పుడల్లా వెనకనుంచి వీపు చరిచే ఎల్పీడియో చెయ్యి ఒకటుండేది. దానికోసం క్రిసాంతో కాటా దిగకుండా కొంతసేపు అలాగే నిలబడ్డాడు.