కంచె అవతల ఇచ్చిన కషాయం

కేరళలోని తలశ్శేరి కాలేజీలో చరిత్ర చెప్పే వనజ టీచరు ఆ ఉదయం టీ పక్కన పెట్టి ప్రసంగం కాగితాలు మళ్లీ తిరగేసింది. పదకొండింటికి కణారన్ వైద్యర్ సంస్మరణ సభలో ఆమె మాట్లాడాలి. కల్లు గీసే తియ్య కులంలో పుట్టి, సంస్కృతం నేర్చి, కులం చూడకుండా మశూచికి మందిచ్చిన సంస్కర్త అని పన్నెండేళ్లుగా ఆయన గురించి పాఠం చెబుతోంది. ఆయన చేతిరాత పుస్తకాలను నమ్మి ఇచ్చింది ఆయన మనవరాలు కౌసల్య. వాటిలో ఒక పేజీ నిన్ననే కంటబడింది.

"పులయ స్త్రీ బిడ్డతో వచ్చినది. కంచె అవతలనే నిలిపి కషాయము పెట్టించితిని. నాడి చూడలేదు. మూడవ నాడు బిడ్డ పోయెను."

తామే అంటరానివాళ్లైన తియ్యలు కూడా ముట్టుకోకుండా దూరం పెట్టిన కులం పులయలది. ఈ మాట దాస్తే తను చెప్పే చరిత్ర అబద్ధమవుతుంది. బయటపెడితే పెద్దావిడ కౌసల్య ముఖం చూడగలదా? సభకు ముందే చెప్పేయాలని వనజ వాళ్లింటికి వెళ్లింది.

కౌసల్య చేపలు కడుగుతోంది. చేతులు తుడుచుకుని పేజీని రెండుసార్లు చదివింది.

"దీనికేనా మీకు పుస్తకాలిచ్చింది?"

"కాదక్కా. కానీ చదివాక చదవనట్టు ఉండలేకపోతున్నా."

"మా తాతయ్యను పై కులాలవాళ్లు గుడి దారిన నడవనిచ్చేవాళ్లు కాదు. అదీ చెబుతారా, ఇదొక్కటేనా?"

"రెండూ చెబుతాను."

"మీ ఇష్టం. నేను మాత్రం రాను."

సభలో మొదటి వరుసలో ఆమె కుర్చీ ఖాళీగానే ఉంది. వనజ ఆ పేజీని మైకులో పైకి చదివింది. చదవడం ముగించగానే ఒక పెద్దాయన లేచాడు.

"స్మరించుకుందామని పిలిచి మా వైద్యర్ పరువు తీస్తారా?"

అప్పుడు గుమ్మం దగ్గర తడి గొడుగుతో కౌసల్య కనిపించింది.

"కూర్చోరా దాసా. రాసింది తాతయ్యే. దాచాలనుకుంటే ఆయన రాసేవాడే కాదు."

దాసన్ కూర్చున్నాడు. వనజ గుడి దారి సంగతి కూడా చెప్పి ప్రసంగం ముగించింది. చివర్లో కౌసల్యే ఆమె దగ్గరికి వచ్చింది.

"అటక మీద ఇంకో పుస్తకం ఉంది. భయమేసి మీకివ్వలేదు. ఆదివారం రండి, ఇద్దరం కలిసి చదువుదాం."

అందులో ఏముందోనని వనజకు మళ్లీ దిగులు మొదలైంది. అయినా వస్తానంది.